ప్లాస్టిక్ కెమెరా పక్షాన

రీలు కెమెరా ఒకటి కొనుక్కోవాలనుంది, ఏది తీసుకోమంటారు అని తిరుపతిలో ఏ కాలేజీ పిల్లవాడు అడిగినా జవాబు ఒకటే వస్తుంది. తీసుకుంటే లోహపు బాడీ ఉన్నదే తీసుకో. నికాన్ ఎఫ్‌ఎం2 గానీ, పెంటాక్స్ కె1000 గానీ. పట్టుకుంటే చేతికి బరువు తెలియాలి. తొంభైల్లోనూ ఆ తర్వాతా వచ్చిన ప్లాస్టిక్ ఎస్‌ఎల్‌ఆర్‌ల జోలికి మాత్రం పోవద్దు, అవి ఆటబొమ్మలు. స్టూడియో నడిపి మానేసిన పెద్దలు ఇదే చెబుతారు. పాత కెమెరాలు పోగుచేసి అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్ళు ఇదే చెబుతారు. మొన్ననే మొదటి రీలు కడిగించుకున్న కుర్రాళ్ళు కూడా విన్నది విన్నట్టు అప్పజెబుతారు.

ఈ మాట తప్పు. ఉత్త తప్పే అయితే వదిలేయవచ్చు. కానీ దీన్ని నమ్మి రీలు మీద ఆశతో వచ్చిన పిల్లలు ఉన్న డబ్బంతా బాడీ మీద పోస్తున్నారు. రీళ్ళు కొనే దగ్గరికి వచ్చేసరికి చేతులు ముడుచుకుంటున్నారు. నెలకు రెండు రీళ్ళు తీసి చెయ్యి తిప్పుకోవాల్సినవాడు ఏడాదికి రెండు తీసి ఊరుకుంటున్నాడు. ఇంట్లో మంచి కెమెరా ఉంటుంది, ఫొటోలు ఉండవు. పెళ్ళికి బంగారం తూచినట్టు కెమెరాను తూచే ఈ అలవాటు మీద గట్టిగా మాట్లాడక తప్పదు.

అసలు బాడీ చేసే పనేమిటి? రీలు కెమెరాలో బొమ్మను తయారుచేసేవి రెండే, ముందున్న లెన్సు, వెనకున్న ఫిల్ము. మధ్యలో ఉన్న బాడీ ఆ ఫిల్మును చీకట్లో ఉంచుతుంది, వంకర పోకుండా చదునుగా పట్టుకుంటుంది, చెప్పినంతసేపు షట్టరు తెరిచి మూస్తుంది. ఎస్‌ఎల్‌ఆర్ అయితే లోపలి అద్దం సాయంతో లెన్సు చూసేదాన్నే మన కంటికి చూపిస్తుంది, వెలుతురు కొలిచి చెబుతుంది. అక్కడితో దాని పని అయిపోయింది. డిజిటల్ కెమెరాలో సెన్సరు బాడీలోనే ఉంటుంది కాబట్టి బాడీ మారితే బొమ్మ మారుతుందంటే అర్థముంది. రీలు కెమెరాకు సెన్సరు ఆ రీలే. ముప్పై వేల బాడీలో వేసినా మూడు నాలుగు వేల బాడీలో వేసినా అదే రీలు. ఒకే కంపెనీ రీలు, సమానమైన లెన్సు, ఒకే షట్టరు వేగం పెట్టి రెండు బాడీలతో తీసిన నెగెటివులను పక్కపక్కన పెట్టండి. ఏది బరువైన కెమెరాదో చెప్పమనండి. ఎవరూ చెప్పలేరు.

1999లో వచ్చిన కేనన్ ఈఓఎస్ 300 సంగతి చూడండి. సెల్లులు వేయకముందు బాడీ బరువు 350 గ్రాములకు మించదు. షట్టరు 30 సెకన్ల నుంచి సెకనులో 2000వ వంతు దాకా వెళ్తుంది. ఫోకస్ చేయడానికి 7 బిందువులు. ఎదుటి దృశ్యాన్ని 35 భాగాలు చేసి వెలుతురు కొలిచే మీటరు. అందరూ నెత్తిన పెట్టుకునే కె1000 బరువు 600 గ్రాములు దాటుతుంది, షట్టరు 1000వ వంతు దగ్గరే ఆగిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం తిరుపతి ఎండలో 400 రీలు వేసుకుని ఎఫ్8 దగ్గర తీయాలంటే 1600వ వంతు చుట్టుపక్కల వేగం కావాలి. కె1000 ఆ పని చేయలేదు, ప్లాస్టిక్ కెమెరా చేస్తుంది. పైగా 1987 నుంచి కేనన్ చేసిన ఈఎఫ్ లెన్సులన్నీ దీనికి పడతాయి. అంటే మన పెళ్ళి ఫొటోగ్రాఫర్లు డిజిటల్ కెమెరాలకు వాడిన ఈఎఫ్ లెన్సులే. కొత్త లెన్సు కొనే స్తోమత లేనివాడు తెలిసిన అన్న దగ్గర ఒకరోజుకు అడిగి తెచ్చుకోవచ్చు. 1990లో వచ్చిన 50 ఎంఎం ఎఫ్1.8 రెండో రకం లెన్సు బరువు 130 గ్రాములు, అది కూడా ప్లాస్టిక్కే. బాడీ, లెన్సు, సెల్లులు, రీలు అన్నీ కలిపితే అర కిలో చుట్టూ తేలుతుంది.

ఈ ఈఓఎస్ 300లో ఇంకో సుగుణముంది, దాన్ని పెద్దలెవరూ పిల్లలకు చెప్పరు. రీలు వేసి మూత మూయగానే మోటారు మొత్తం రీలును ముందే బయటికి చుట్టేస్తుంది. తర్వాత తీసిన ఒక్కో ఫ్రేమునూ తిరిగి డబ్బీలోకి లాక్కుంటుంది. తోపులాటలో వెనక మూత తెరుచుకుందే అనుకోండి, తీసిన ఫొటోలు డబ్బీ చీకట్లో క్షేమంగా ఉంటాయి, పాడయ్యేది ఇంకా తీయని రీలే. లోహపు కెమెరాలో అదే జరిగితే అప్పటిదాకా తీసినవాటికి దెబ్బ. నేర్చుకునేవాడికి ఏది మేలు?

బరువును పూజించేవాళ్ళు చివరికి లైకా పేరు ఎత్తుతారు కాబట్టి ఆ కథ కూడా చెప్పుకోవాలి. జర్మనీలో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ ఉబ్బసం మనిషి. పెద్ద ప్లేటు కెమెరాను మోసుకుని కొండా కోనా తిరగలేక 1913, 1914 ప్రాంతంలో సినిమా ఫిల్ము పట్టే చిన్న కెమెరా చేసుకున్నాడు. 1925లో అదే లైకాగా అంగట్లోకి వచ్చింది. మనం ఈరోజు వాడే 35 ఎంఎం పద్ధతి ఊపిరి చాలని ఒక మనిషి బరువు తగ్గించుకోవడానికి వెతుక్కున్న దారి. ఆ దారిలో వచ్చి బరువు లేనిది కెమెరానే కాదనడం ఎంత అన్యాయం!

మన దేశంలోనూ దీనికి సాక్ష్యముంది. 1995లో నికాన్ ఎఫ్‌ఎం10 వచ్చింది. నికాన్ సొంత ఫ్యాక్టరీలో చేసింది కూడా కాదు, కొసీనా కంపెనీ చేత చేయించింది. పైనంతా ప్లాస్టిక్, బరువు 420 గ్రాములు. షట్టరుకు సెల్లు అక్కర్లేదు, మీటరుకు రెండు గుండీ సెల్లులు చాలు. ఫొటోగ్రఫీ కోర్సుల్లో చేరిన పిల్లలు, పత్రికలకు ఫొటోలు పంపేవాళ్ళు ఎంతోమంది దీనితోనే పని నేర్చుకున్నారు. 2006 జనవరిలో నికాన్ రీలు కెమెరాలను దాదాపుగా వదిలేస్తున్నప్పుడు రెండింటినే ఉంచుకుంది. ఒకటి అన్నిటికన్నా ఖరీదైన ఎఫ్6, రెండోది ఈ ఎఫ్‌ఎం10. మధ్యలో ఉన్నవన్నీ పోయాయి, చవక ప్లాస్టిక్‌ది నిలిచింది.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడ కెమెరాకు అసలు పరీక్ష స్టూడియోలో జరగదు, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో జరుగుతుంది. వారం రోజులు. రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లటి నామంసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. మాతంగి వేషంలో మీసాలున్న మగవాళ్ళు చీర కట్టి, నగలు పెట్టి, పూలు ముడుచుకుని వస్తారు. ఇరుకు వీధులు, నెత్తిన ఎండ, చుట్టూ డప్పులు, వేపమండలు, పైనుంచి పడే నీళ్ళు, వేషగాళ్ళ నోటి నుంచి బూతులు. ఈ గుంపులోకి కిలో బరువున్న, ఇంటి కిరాయంత ఖరీదున్న లోహపు కెమెరా మెడలో వేసుకుని వెళ్ళినవాడు ఏం చేస్తాడు? ఒక చెయ్యి ఎప్పుడూ కెమెరాను కాపాడుకోవడానికే సరిపోతుంది. గట్టు మీద నిలబడి దూరం నుంచి పెద్ద లెన్సుతో తీస్తాడు. అందుకే జాతర ఫొటోలు అన్నీ ఒకేలా ఉంటాయి, గుంపు మీదుగా తీసిన తలకాయలు.

తేలిక కెమెరా పట్టుకున్నవాడు గుంపులో కలిసిపోతాడు. 50 ఎంఎం లెన్సుతో రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి తీస్తాడు. వేషగాడు కూడా ఆ చిన్న డబ్బాను చూసి బిగుసుకోడు. పోతే మూడు నాలుగు వేలు పోయినట్టని గుండె దిటవు చేసుకోవచ్చు. ఆ నిబ్బరమే మనిషికి దగ్గరగా వెళ్ళనిస్తుంది, దగ్గరికి వెళ్తేనే ముఖం దొరుకుతుంది.

వెలుతురు కొలత నేర్చుకోవడానికి ఈ జాతరను మించిన బడి నేనెక్కడా చూడలేదు. ఏ మీటరైనా ఎదురుగా ఉన్నది మధ్యరకం బూడిద రంగే అనుకుని లెక్క కడుతుంది. బైరాగి వేషం తెల్లటి ఒళ్ళు ఫ్రేము నిండా ఉంటే వెలుతురు ఎక్కువైందని భ్రమపడి తగ్గించేస్తుంది, నెగెటివు పలచబడి సుద్ద కాస్తా మురికి బూడిదవుతుంది. కాబట్టి అక్కడ ఒక స్టాపు, ఒకటిన్నర స్టాపు కలపాలి. తోటి వేషం నాడు దీనికి తలకిందులు. నల్లటి బొగ్గు చూసి మీటరు వెలుతురు చాలలేదనుకుంటుంది, బొగ్గు బూడిదలా తేలిపోతుంది, అక్కడ ఒక స్టాపు తగ్గించాలి. బండ వేషంలోని కుంకుమ నలుపు తెలుపు రీల్లో రంగు పోయి మధ్యస్థంగా దిగుతుంది, దాదాపు మీటరు చెప్పినట్టే తీయొచ్చు. ఈ కలపడం, తగ్గించడం అంతా ప్లాస్టిక్ కెమెరాలో ఒక మీట నొక్కి చక్రం తిప్పితే అయ్యే పని. దాన్ని అర్థం చేసుకున్నవాడు ఫొటోగ్రాఫరవుతాడు. ఆ అర్థం కెమెరా పైన ఉన్న ఇత్తడి రేకులో లేదు.

చిత్తూరు వైపు పల్లెల్లో జరిగే భారతానికీ ఇదే మాట. ద్రౌపదీ ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు. అర్జునుడు తపస్సు చేయడానికి తపస్మాను ఎక్కేటప్పుడు కింద నిలబడి తల వెనక్కి వంచి తీయాలి. నేల మీద పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడు ఎంత పొడవంటే ఫ్రేములో పట్టడానికి ఏ మిద్దో, ట్రాక్టరు ట్రక్కో ఎక్కాలి. చివరి రోజు అగ్నిగుండం. రాత్రి నాటకాలకు ట్యూబులైట్ల వెలుతురులో 400 రీలును 1600గా లెక్కేసి తీసి, కడిగేటప్పుడు ఎక్కువసేపు ఉంచాలి. ఇలా ఎక్కడం దిగడం, రాత్రంతా మేల్కొనడం మెడలో రాయి కట్టుకుని అయ్యే పనులు కావు. తిరుమల మెట్లకూ అంతే. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388. గుడి లోపలికి కెమెరా ఎలాగూ పోనివ్వరు, దారిలో తీసుకునేదే మనకు దక్కేది. మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి బరువు కెమెరా సంచిలోంచి బయటికే రాదు.

మరి మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలి? రీళ్ళ మీద, కడగడం మీద. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ ఇందు పేరుతో నలుపు తెలుపు రీళ్ళు చేసేది. అది మూతపడ్డాక మనం వాడే రీళ్ళు బయటి దేశాల నుంచి రావాల్సిందే. ఇప్పుడు ఒక మామూలు రంగు రీలు వెయ్యి రూపాయల చుట్టూ తిరుగుతోంది. ఎఫ్‌ఎం2కీ ప్లాస్టిక్ కెమెరాకీ మధ్య ఉన్న ధర తేడాలో ఇరవైకి పైగా రీళ్ళు వస్తాయి. ఆ రీళ్ళన్నీ తీసినవాడికీ, ఒక్క రీలు తీసి జాగ్రత్తగా కూర్చున్నవాడికీ చూపులోనే తేడా వస్తుంది.

నలుపు తెలుపు అయితే ఇంట్లోనే కడుక్కోవచ్చు, కానీ మన ఎండలను లెక్కలోకి తీసుకోవాలి. డీ-76 లాంటి డెవలపరుకు చెప్పే సమయాలు 20 డిగ్రీల నీళ్ళకు. వేసవిలో మన కొళాయి నీళ్ళు ముప్పై దాటి వస్తాయి. ఆ వేడిలో పుస్తకంలో రాసినంతసేపు ఉంచితే నెగెటివు నల్లగా మాడిపోతుంది. కుండ నీళ్ళు పోసిన టబ్బులో ఐసు ముక్కలు వేసి, మందు సీసాలన్నీ అందులో పెట్టి, థర్మామీటరు 24 దగ్గర నిలిచాక ఆ వేడికి తగ్గట్టు సమయం తగ్గించుకోవాలి. డెవలపరు, హైపో, కడిగే నీళ్ళు మూడూ ఒకే వేడిలో ఉండాలి, లేదంటే జిగురు పొర ముడతలు పడుతుంది. చివరి కడుగుడుకు బోరు నీళ్ళు వాడితే ఆరాక ఉప్పు మరకలు మిగులుతాయి, అందుకు డిస్టిల్డ్ నీళ్ళు తెచ్చుకోండి. పిల్లలకు చెప్పాల్సిన విద్య ఇది. దీని గురించి అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ, ఏ బాడీ ఎన్ని గ్రాములో చెప్పేవాళ్ళు మాత్రం వీధికొకరు.

ఎదుటివాళ్ళ మాటల్లో నిజం లేదని నేననను. ఈఓఎస్ 300 లాంటి ప్లాస్టిక్ కెమెరా సెల్లులు అయిపోతే ఇటుకరాయే. దానికి రెండు సీఆర్2 సెల్లులు కావాలి, పల్లె అంగట్లో అవి దొరకవు. ఎండలో నీడ పడ్డ ముఖానికి ఫ్లాష్ వేయాలంటే ఈఓఎస్ 300 షట్టరు 90వ వంతు దగ్గరే ఆగాలి, ఎఫ్‌ఎం2లో తర్వాతి రకమైతే 250వ వంతు దాకా పోతుంది. అక్కడ ఎఫ్‌ఎం2ది పైచేయి. కొన్ని ప్లాస్టిక్ కెమెరాలకు లెన్సు తగిలించే ఉంగరం కూడా ప్లాస్టిక్కే, పెద్ద టెలీ లెన్సు వేలాడదీయకూడదు. పాడైతే బాగుచేయడం కష్టం, మరొకటి కొనుక్కోవాల్సిందే. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ పాత లోహపు కెమెరా చిరంజీవి అనే మాట ఒప్పుకోను. దాని వెనక మూత చుట్టూ ఉండే స్పాంజీ పొడిపొడిగా రాలి వెలుతురు లోపలికి కారుతుంది. షట్టరు వేగాలు ఏళ్ళు గడిచేకొద్దీ అటూ ఇటూ అవుతాయి. పాత రకాల మీటర్లు కొన్నిటికి పాదరసం సెల్లులు కావాలి, అవి ఇప్పుడు చేయడమే లేదు. దాన్ని విప్పి నూనె వేసి సరిచేసే మెకానిక్కులు మన జిల్లాల్లో ఎంతమంది మిగిలారు? చెన్నైకో బెంగళూరుకో పంపి వేలు పోయాలి. జేబులో ఇంకో జత సెల్లులు వేసుకోవడం దానికన్నా తేలికే.

ఇంకొక మాట కూడా అనాలి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. బరువే కెమెరాకు లక్షణమని చెప్పి చెప్పి మనం ఆడపిల్లలను దీనికి దూరం పెట్టాం. అమ్మా, ఇది నువ్వు మోయలేవు అని స్టూడియోల్లో అన్న మాట ఎంతమంది ఆశను చంపేసిందో. జాతరలో ఆడవాళ్ళు పొంగళ్ళు పెట్టే చోట, సారె తెచ్చే చోట మగ ఫొటోగ్రాఫరు నిలబడితే అక్కడి వాతావరణమే మారిపోతుంది. ఆ ఫొటోలు తీయాల్సింది వాళ్ళ కూతుళ్ళు, కోడళ్ళు. చేతిసంచిలో ఇమిడే కెమెరా వాళ్ళకు అందితే తిరుపతి గురించి ఇంతదాకా ఎవరూ చూపించనిది చూపిస్తారు.

ఫోను ఉండగా ఇవన్నీ ఎందుకని అడిగేవాళ్ళకు ఒక్క జవాబే చెబుతాను. 2010 మే 26 రాత్రి శ్రీకాళహస్తి రాజగోపురం కూలిపోయింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం. 2017లో దాని చోట కొత్తది నిలబడింది. పాత గోపురం ముందు నిలబడి దిగిన ఫొటోలు ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళ ఆల్బముల్లో ఉన్నాయి, వాటిలో చాలావరకు కొడాక్ కేబీ10 లాంటి చవక ప్లాస్టిక్ కెమెరాలతో తీసినవి. నెగెటివు కవరు ఇంట్లో ఉంటే ఈరోజుకీ దాన్నుంచి కొత్త ప్రింటు వేయించవచ్చు. ఆ తర్వాత వచ్చిన తొలి డిజిటల్ ఫొటోలు ఏ పాత ఫోనులో, ఏ చెడిపోయిన హార్డ్ డిస్కులో పోయాయో వెతికినా దొరకని ఇళ్ళు బోలెడు.

కొనదలచినవాళ్ళు అంగట్లో వెనక మూత తెరిచి షట్టరు రెక్కల మీద జిడ్డు మరక గానీ వంపు గానీ ఉందేమో చూడండి. సెల్లులు వేసి, నెమ్మది వేగాల నుంచి గట్టి వేగాల దాకా ఒక్కోటీ నొక్కి చప్పుడు వినండి. సెల్లుల అర మూత కొక్కెం విరగకుండా ఉందా అన్నది తప్పనిసరిగా చూడాలి, ముందు విరిగేది అదే. లెన్సును వెలుతురుకు ఎదురుపెట్టి లోపల సాలెగూడు లాంటి బూజు ఉంటే వదిలేయండి, మన కార్తీక మాసపు వానల్లో అది ఇంకా పెరుగుతుంది.

స్టూడియోలు నడిపిన పెద్దలకు నా విన్నపం వేరే ఉంది. రెండువేల తొలి ఏళ్ళలో మీరు కొని, డిజిటల్ రాగానే పక్కన పడేసిన ప్లాస్టిక్ ఎస్‌ఎల్‌ఆర్‌లు మీ బీరువాల్లోనే ఉన్నాయి. అమ్మితే ఏమీ రాదని ఉంచేశారు. జాతర చాటింపు పడేలోగా వాటిని బయటికి తీసి పిల్లల చేతికివ్వండి, ఆడపిల్లలకు ముందివ్వండి. కొత్త సెల్లులు, ఒక రీలు వేసి ఇవ్వండి. ఏ వేషానికి ఎన్ని స్టాపులు కలపాలో, ఎండాకాలం మందును ఎంతసేపు ఉంచాలో దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. ఆ లెక్కలు మీకు నోటికి వచ్చు.